గవ్వలపేట ముందరి లోతు

ఈ ఉదయం మా అక్క ఇల్లు నా కంప్యూటర్ లోపల, సముద్రానికీ నేలకీ మధ్య ఉన్న చివరి గడిలో కనిపిస్తోంది.

అక్కడ ఇల్లు ఉండడానికి వీల్లేదు. నేను చేసేది సముద్రపు లెక్క. గవ్వలపేట ఎదురుగా ఉన్న లోతు తక్కువ సముద్రాన్ని చదరపు గళ్ళుగా కోసి, ఒక్కో గడికి ఒక్కో లోతు ఇచ్చి, పైన అల వదులుతాను. అది అడుగు నేలని తడుముకుంటూ ఎలా నడిచి ఒడ్డుకి వస్తుందో చూస్తాను. ఆ గళ్ళలో చేపలుండవు, పడవలుండవు, ఉప్పు కూడా ఉండదు. లోతు ఒక్కటే ఉంటుంది. అయినా చివరి గడిలో నీలం తలుపు ఉంది. తలుపు ముందు అరుగు ఉంది. అరుగు మీద మా అక్క పోలమ్మ కత్తిపీట ముందేసుకుని కవళ్ళ చేపలు తోముతోంది.

తెర మీద వేలు పెడతాను. వేలికి పొలుసు అంటుకుంటుంది.

మా విభాగానికి పెద్ద పరాంకుశం గారు. ఆయన్ని పిలిచి చూపిస్తాను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, తెరకి దగ్గరగా వంగి చూస్తారు.

"ఎవరమ్మా ఈవిడ?"

"మా అక్కండి."

"లోతెంత?"

"నేల మీద ఉందండి."

"అయితే మైనస్ గుర్తు పెట్టండి. సముద్రం వైపు నుంచి చూస్తే నేల మీదున్న వాళ్ళందరం మైనస్సులమే. దానికి బాధపడకూడదు."

ఆయన తన గదికి వెళ్ళిపోతారు. నేను మైనస్ గుర్తు పెడతాను. అక్క తల మీద చిన్న గీత కనిపిస్తుంది. ఆవిడ దాన్ని కొప్పులో దోపుకుని మళ్ళీ పనిలో పడుతుంది.

అప్పుడు తూర్పు అంచున అల కనిపిస్తుంది.

నేను వదిలిన అల కాదది. నేను వదిలేవి గుంపులుగా, ఒకదాని వెనక ఒకటి, ఒకే ఎత్తున వస్తాయి. ఇది ఒంటరిగా వస్తోంది. ముందు ఏమీ లేదు, వెనక ఏమీ లేదు. నల్లటి నీటి మీద పొడుగాటి మడత ఒకటి నిదానంగా ఒడ్డుకేసి జరుగుతోంది.

లోతు తక్కువ నీళ్ళలో అల వేగానికి ఒకటే ఆధారం, కింద ఎంత లోతుందన్నది. లోతు ఎక్కువైతే పరిగెడుతుంది, తక్కువైతే నడుస్తుంది. ముందు భాగం మెరకకి వచ్చి నెమ్మదిస్తుంది. ఆ సంగతి వెనక భాగానికి తెలియదు. అది వచ్చి ముందు దాని మీద పడుతుంది. అల ఎత్తు అంటే అంతే, ముందువాళ్ళ సంగతి వెనకవాళ్ళకి తెలియకపోవడం. చివరికి తన ఎత్తుని తనే మోయలేక విరుగుతుంది.

అల దారి మీద గీత గీసి చూస్తాను. గీత నీలం తలుపు దగ్గర ఆగుతుంది.

అక్కకి ఫోన్ చేస్తాను. తెర మీద ఆవిడ చేతులు చీర చెంగుకి తుడుచుకుని, అరుగు చివర పెట్టిన ఫోన్ తీస్తుంది.

"ఏటే పైడీ, ఈయేళప్పుడు?"

నా పూర్తి పేరు పైడితల్లి. పైడీ అనేది ఆవిడ ఒక్కతే. అమ్మ పోయాక నాకు జడ వేసిందీ, బడి దాకా వచ్చి దిగబెట్టిందీ ఆవిడే.

"అక్కా, ఇంట్లోంచి లేచి ఊళ్ళోకి ఎల్లిపో. అల వత్తంది. పెద్దది."

"తెలుసు. పొద్దున్నుంచీ సూత్తన్నాను."

"మరేటి కూకున్నావు?"

"అది మీ బావే. ఎడం బుజం సూడు, ఎలగ వాలిపోయుందో."

చూస్తాను. నిజమే. అల ఎడమ కొస కుడి కొస కన్నా కొంచెం కిందికి వాలి ఉంది. మా బావ దానయ్య వల లాగీ లాగీ ఎడమ భుజం దిగిపోయిన మనిషి. దూరంగా ఇసుకలో నడిచి వస్తుంటే, మొహం తెలియకముందే ఆ భుజం తెలిసేది.

వానాకాలం చివర్లో ఆయన వేటకి వెళ్ళాడు. తెప్ప తిరిగొచ్చి ఇసుకలో పడి ఉంది. ఆయన రాలేదు. ఊరి పెద్దలు వచ్చి కార్యం చేసేద్దాం అన్నారు. అక్క తలుపుకి అడ్డంగా కూర్చుని, "తెప్ప వొచ్చినాది కదా, మనిసీ వొత్తాడు. తెప్ప బేగి నడుత్తాది, మనిసి నిదానం" అంది. ఆవిడ గాజులు తియ్యలేదు, బొట్టు తియ్యలేదు, ఇల్లు మారలేదు. చుట్టుపక్కల ఇళ్ళు సముద్రంలోకి జారుతున్నా మారలేదు. మా చిన్నప్పుడు ఆ ఇంటి ముందు రెండు వీధులుండేవి. ఇప్పుడు ఆ వీధులు నా లెక్కలో లోతులు.

"అక్కా, అది బావ కాదు."

"నీకు గళ్ళు తెలుసు. మీ బావ నాకు తెలుసు," అని ఆవిడ ఫోన్ పెట్టేస్తుంది.

లెక్క ఆపమని కంప్యూటర్‌ని అడుగుతాను. ఆపేశానంటుంది. తెర నల్లబడుతుంది. అల మాత్రం నల్లటి తెర మీద నడుస్తూనే ఉంది.

మెయిన్ స్విచ్ దించేస్తాను. ఫ్యాన్లు ఆగుతాయి. అల తెర అంచు దాటి నా బల్లలోకి వస్తుంది. బల్ల చెక్క ఒకసారి లేచి దిగుతుంది. దాని మీది కాగితాలు లేచి దిగుతాయి. పక్క బల్లల దగ్గర ఉన్నవాళ్ళు టీ గ్లాసులు చేత్తో ఎత్తి పట్టుకుని, అది పోయేదాకా ఆగి, మళ్ళీ బల్ల మీద పెట్టుకుని మాటల్లో పడతారు. గోడ లేచి దిగుతుంది. అల మళ్ళీ తెరలోకి వెళ్ళిపోతుంది. ఇందాకటి కన్నా ఒడ్డుకి దగ్గరగా ఉంది. కరెంటు లేకపోయినా తెర వెలుగుతోంది.

నా అరచేతులకి చెమట పడుతోంది. ఆ చెమట కూడా ఎడమ వైపు వాలుతోంది.

మధ్యలో మెరక వేస్తే అల అక్కడే విరుగుతుందని అనిపిస్తుంది. గళ్ళలో లోతు తగ్గించడం మొదలుపెడతాను. అంకె మార్చగానే నా కింద కుర్చీ ఉండదు. తెర మీద సముద్రపు అడుగున అది బోర్లా పడి ఉంటుంది. అవును, ఇసుక ఊరికే రాదు. ఏదో ఒకటి వెయ్యాలి.

నిలబడి ఇంకో అంకె మారుస్తాను. పక్కవాళ్ళ కుర్చీలు వెళ్ళిపోతాయి. వాళ్ళు కూర్చున్న భంగిమలోనే గాలిలో ఉండి పని చేసుకుంటున్నారు. ఇనప బీరువా వెళ్ళిపోతుంది. మేడమెట్లు వెళ్ళిపోతాయి. మా ఇంట్లో నా మంచం, నా కుంపటి, వంటింటి తలుపు, బట్టలారేసే తీగ, తీగ మీది బట్టలు వెళ్ళిపోతాయి. చెయ్యి ఆగడం లేదు. నేను రోజూ నడిచి వచ్చే సందు వెళ్ళిపోతుంది. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి సముద్రం అడుగున దిబ్బ లేస్తుంది. చాలదనిపించి ఇంకా వేస్తాను. అమ్మ గొంతు గుర్తుంది నాకు. అదీ వేస్తాను. అది చప్పుడు లేకుండా అన్నిటికన్నా పైన పడుతుంది.

అల దిబ్బని చూసి తల తిప్పుతుంది.

దిబ్బ మీద నెమ్మదిస్తుంది, రెండు పక్కలా లోతులో మాత్రం పరిగెడుతుంది. రెండు చేతులూ ముందుకి వచ్చి, వంగి, దిబ్బ వెనక ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పట్టుకున్నచోట అల రెట్టింపు లేస్తుంది. ఆ చోటుకి తిన్నగా ఎదురుగా నీలం తలుపు.

ఇది నాకు తెలుసు. కొత్తగా చేరినవాళ్ళకి ఏటా నేనే పాఠం చెప్తాను. దిబ్బ అలని ఆపదు, పిలుస్తుంది. ఇంత తెలిసీ, ఉన్నదంతా వేసి మరీ పిలిచాను.

తెర మీద అక్క కవళ్ళు తోమడం ముగించి చేతులు కడుక్కుంటోంది. సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంటోంది. వాసన పోవాలని.

ఇక తవ్వడం ఒక్కటే మిగిలింది. లోతు ఎక్కువున్న చోటు నుంచి అల పక్కకి తప్పుకుంటుంది. ఇంటి ముందు గళ్ళన్నీ లోతు చేస్తే, అది రెండుగా చీలి అటొకటి ఇటొకటి పోతుంది. అంకెలు పెంచుతాను. లోతు కూడా ఎక్కణ్ణుంచో రావాలి. మా గది నేల కిందికి దిగుతుంది. చీలమండల దాకా నీళ్ళొస్తాయి, తర్వాత మోకాళ్ళ దాకా. నడవలో నీళ్ళు ఛాతీ దాకా ఉన్నాయి. అంత లోతులో నడుస్తున్నవాళ్ళు చాలా వేగంగా నడుస్తున్నారు. పరాంకుశం గారు తలుపు ముందు నుంచి దూసుకుపోతూ, "క్షమించాలి, ఆగలేకపోతున్నాను," అంటారు. నడవ కూడా ఆయనతో పాటు సాగిపోతోంది.

ఫోన్ మోగుతుంది.

"తవ్వకే పైడీ."

అక్క గొంతులో మొదటిసారి భయం వినిపిస్తుంది.

"తవ్వకు. ఇంటి ముందర అంత గొయ్యి సేత్తే ఆడికి కాలెక్కడానతాది? అంత దూరం నుండి నడిసొత్తన్నాడు."

"అక్కా, నా మాట విను. అలలో నీళ్ళు రావు. ఎక్కడి నీళ్ళు అక్కడే ఉంటాయి. లేచి దిగతాయి, అంతే. ఒక నీళ్ళు పక్క నీళ్ళకి ఇచ్చీది ఆకారవే. అక్కడ బావ లేడు. ఆకారం ఒక్కటే వత్తంది."

అటు వైపు నుంచి ఇసుక జారుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆకారవే సాలు నాకు," అంటుంది అక్క.

నా చెయ్యి అంకెల మీద ఆగిపోతుంది. తవ్విందంతా తిరిగి పూడ్చమని ఆవిడ అడగడం లేదు. ఇంక తవ్వొద్దంటోంది. నేను తవ్వకపోతే ఆవిడ పోతుంది. తవ్వితే, జీవితంలో ఆవిడ అడిగిన ఒక్క కోరికనీ నేనే ముంచేస్తాను. రెండు లెక్కలూ వేసి చూస్తాను. రెండింటికీ ఒకే జవాబు వస్తుంది, తేడా ఎక్కడా లేదు.

ఫోన్ నీళ్ళలో వదిలేసి బయల్దేరతాను.

నడవ ఎప్పటిలా వాకిట్లోకి దారి తియ్యడం లేదు. ఏటవాలుగా దిగుతూ సముద్రం అడుక్కి వెళ్తోంది. గళ్ళు నేను కోసినవే కాబట్టి అంచులు పదునుగా ఉన్నాయి. ఒక గడి నుంచి ఇంకో గడిలోకి దిగాలంటే గట్టు దిగినట్టు దిగాలి. తల మీద నీళ్ళున్నాయి. ఊపిరికి ఇబ్బంది లేదు. నా లెక్కలో ఊపిరికి గడి లేదు, అందుకని దాన్ని ఎవరూ పట్టించుకోరు.

దిబ్బ పక్క నుంచి నడుస్తాను. కుర్చీలు, బీరువా, నా మంచం. అన్నిటి పైనుంచి అమ్మ గొంతు, "అన్నం తిన్నావా?" అంటుంది. తిన్నానని చెప్పి ఆగకుండా సాగుతాను.

వెనక నుంచి నీడ నా మీదికి వస్తుంది. అల నన్ను అందుకుంది. లోతు తగ్గింది కాబట్టి అదీ నడకలో ఉంది, నేనూ నడకలో ఉన్నాను. పక్కపక్కనే నడుస్తాం. ముందుకి వెళ్ళేకొద్దీ అది ఎత్తు పెరుగుతోంది. ఎడమ భుజం నా తల పక్కగా వాలి ఉంది. చుట్ట వాసన వస్తోంది.

"బావా, ఆగు," అంటాను.

"ఆగితే నానుండను పైడీ. నడిసినంతసేపే ఉంతాను."

"నువ్వొత్తే అక్క పోతాది."

"పోదు. సూసొచ్చేత్తాను. ఒక్కపాలి దాని మొకం సూసి అలగే దాటిపోతాను."

"ఎలగ దాటతావు? ఎనకాల నేల."

ఆయనకి తెలియదని నాకు అర్థమవుతుంది. ఒడ్డు దగ్గరైన అలకి ఒడ్డు గురించి ఏమీ తెలియదు, కాళ్ళు బరువెక్కుతున్నాయన్నది ఒక్కటే తెలుస్తుంది.

నేను ముందుకి పరిగెడదామనుకుంటాను. మెరకలో పరుగు కూడా నడకే అవుతుంది. ఎంత తొందరపడితే కాళ్ళు అంత నెమ్మదిగా లేస్తున్నాయి. నా వెనక సగానికి ఆ సంగతి తెలియడం లేదు. నా భయం వెనక నుంచి వచ్చి నా మీద పడుతోంది. నేను కూడా ఎత్తు పెరుగుతున్నాను. ఒడ్డుకి చేరేసరికి అక్క ఇంటి కప్పు నా మోకాళ్ళ దగ్గర కనిపిస్తుంది. ఇసుక మీద కాలు పెట్టగానే మళ్ళీ నా అంత అవుతాను.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. తలంటుకుంది. ఆకుపచ్చ అంచున్న తెల్లచీర కట్టుకుంది. నన్ను చూసి, "పక్కకి తప్పుకోయే, దారిలో ఉన్నావు," అంటుంది. పెళ్ళి ఊరేగింపుకి అడ్డమొచ్చిన పిల్లని అన్నట్టు.

ఆవిడ చెయ్యి పట్టుకుని లాగుతాను. ఆవిడ లాగించుకోదు. రెండు చేతులూ వేసి నడుం పట్టుకుని లాగుతాను, ఏడుస్తాను, తిడతాను, కాళ్ళ మీద పడతాను. ఆవిడ నా తల నిమిరి, జడ విడిపోయిందని చూసి, ముడి వేస్తుంది. వేస్తున్నంతసేపూ కళ్ళు సముద్రం మీదే ఉన్నాయి.

అల గుమ్మం ముందు నిలుస్తుంది. చూరు తక్కువగా ఉంది. తల వంచుతుంది. విరగదు.

"వొచ్చేవా," అంటుంది అక్క.

అల ఆవిడలోకి నడుస్తుంది.

చప్పుడు లేదు. కొట్టుకుపోవడం లేదు. చీర కుచ్చెళ్ళు కింది నుంచి పైకి ఒకసారి లేచి దిగుతాయి. తర్వాత కడుపు, ఛాతీ, మెడ. ఎడమ భుజం కిందికి వాలి అలాగే ఉండిపోతుంది. వెనక సముద్రం ఖాళీగా, చదునుగా, నూనె పోసినట్టు ఉంది.

అక్క కళ్ళు తెరుస్తుంది. చుట్టూ చూస్తుంది. కత్తిపీట చూస్తుంది, నీలం తలుపు చూస్తుంది, నన్ను చూస్తుంది.

"పైడీ, మీ అక్కేది?"

అక్క నోట్లోంచి వచ్చింది బావ గొంతు.

ఆయన లోపలికి వెళ్ళి గది చూస్తాడు, వంటిల్లు చూస్తాడు, పెరట్లో కేకేస్తాడు. "పోలీ! ఒలే పోలీ!" అక్క గొంతు నరాలతోనే అక్కని పిలుస్తున్నాడు. తిరిగి వచ్చి అరుగు మీద కూలబడతాడు. చేతులు ముందుకి చాపి చూసుకుంటాడు. గాజులు. వేలి మీద కత్తిపీట గాటు.

"ఇయి దాని సేతులు కాదేటి," అంటాడు.

"అవును బావా."

"మరి అదేది?"

ఇంటి గోడ లేచి దిగడం అప్పుడు గమనిస్తాను. అక్కలోకి బావ రాగానే అక్క ఆకారానికి చోటు చాల్లేదు. అది ముందుకి కదిలింది. గోడ దాటింది. పెరటి దడి ఒక చివర నుంచి ఇంకో చివరకి లేచి దిగింది. ఆ వెనక సరుగుడు తోపు. చెట్లు వరసగా లేచి, వరసగా దిగుతున్నాయి. ఆ నడక నాకు తెలుసు. నెత్తి మీద చేపల గంప, ఒక చెయ్యి నడుం మీద, రెండో చెయ్యి ఊపుతూ సంతకి వెళ్ళే నడక.

"అదిగో," అంటాను.

బావ చూస్తాడు. అక్క మొహం మీద బావ ఏడుపు చాలా కష్టంగా బయటికి వస్తుంది. ఆ మొహానికి అలా ఏడవడం అలవాటు లేదు.

"నాను ఎనక్కి ఎల్లిపోతాను. నానెల్లిపోతే అదొచ్చేత్తాది," అని సముద్రంలోకి పరిగెడతాడు. నడుంలోతు నీళ్ళలో నిలబడి, ఒంటిని ముందుకీ వెనక్కీ విసురుతాడు. ఒళ్ళు నీళ్ళలో ఉంది, నీళ్ళు ఒంటి చుట్టూ ఉన్నాయి. ఆకారం మాత్రం దిగదు. చీర తడుస్తుంది, అంతే. నేను వెళ్ళి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొస్తాను.

"నడు బావా. అందుకుందాం. నేల మీద అది బేగి నడవలేదు."

అక్క వెనక పరిగెడతాం. సరుగుడు తోపు దాటేసరికి ఆవిడ జీడితోటల్లో ఉంది. చెట్ల నీడలు లేచి దిగుతున్నాయి. జీడిగింజలు ఏరుతున్న ఆడవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచి దిగి, "పోలమ్మ ఎల్లినట్టుందే," అనుకుంటున్నారు. మేం వాళ్ళని దాటుతుంటే బావని చూసి, "ఇదేటే, నువ్విక్కడున్నావు?" అంటారు. ఆయన తల దించుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంటాడు.

రొయ్యల చెరువుల దగ్గర ఆవిడ వేగం అందుకుంటుంది. అవి లోతుగా తవ్విన చెరువులు. ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకి దూకినట్టు వెళ్తోంది. మేం గట్లు పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్ళాలి. నేను కేకలేస్తాను. "అక్కా! బావొచ్చేడు! అక్కా, ఆగు!" ఆగితే ఆవిడ ఉండదన్న సంగతి నాకు గుర్తొస్తుంది. నోరు మూసుకుంటాను. ఆగొద్దని కేక వేద్దామనుకుంటాను. అదీ నోట్లోంచి రాదు.

రైలు పట్టాలు లేచి దిగుతాయి. గేటు దగ్గర మోటారు సైకిళ్ళ మీద ఎదురు చూస్తున్నవాళ్ళు కాళ్ళు నేలకి ఆనించి ఊగుతారు. గేటు కాసే మనిషి పచ్చజెండా ఊపుతాడు. మేం కూడా పరిగెత్తుకుంటూ పట్టాలు దాటుతాం.

అక్కణ్ణుంచి నేల మెరక. ఆవిడ నెమ్మదించడం కనిపిస్తోంది. చెరుకు తోట ఒకటి దాటడానికి, మేం రొప్పుకుంటూ నిలబడి ఊపిరి పీల్చుకున్నంత సేపు పట్టింది. నెమ్మదించేకొద్దీ పైకి లేస్తోంది. మొదట తాటిచెట్టంత. తర్వాత వాటర్ ట్యాంకంత. చెరుకు గెడలు, బోరు షెడ్డు, కాలవ, కాలవ మీద వంతెన, అన్నీ ఆవిడతో పాటు పైకి వెళ్ళి ఆవిడ వెనక కిందికి దిగుతున్నాయి. బోరు షెడ్డులో రేడియో మోగుతూనే ఉంది.

హైవే దాటగానే ఆవిడ ఆగిపోతుంది.

నేను నిలబడిపోతాను. బావ ఇంకో నాలుగు అడుగులు వేసి నిలబడతాడు. మా ముందు కొండ ఉంది. ఇందాకటిదాకా ఇక్కడ కొండ లేదు. పైన ఎర్రమట్టి, మధ్యలో రాళ్ళు, తుప్పలు. లారీలవాళ్ళు బండ్లు పక్కకి ఆపి దిగి చూస్తున్నారు. ఒకతను సెల్‌ఫోన్లో, "కొత్తది లేచిందిరా, దారి తిప్పుకుని రా," అంటున్నాడు.

బావ కొండ పాదం దగ్గరికి వెళ్ళి మట్టి మీద అక్క అరచెయ్యి పెడతాడు. అక్క చెంప ఆనిస్తాడు.

"సల్లగుంది," అంటాడు. "ఊపిరి లేదు."

"ఉంటాది బావా. చాలా నెమ్మదిగా ఉంటాది. మనకి అందదు."

ఇది నిజమో కాదో నాకు తెలియదు. లోతు సున్నా అయితే వేగం సున్నా. సున్నా దగ్గర ఏం జరుగుతుందో లెక్క చెప్పదు. సున్నా దగ్గర అంకెలు పిచ్చెత్తి ఎటుపడితే అటు పోతాయని, అక్కడికి చేరకముందే ఆపేస్తాం మేము. ఇప్పుడు నేను ఆ సున్నా ముందు నిలబడి ఉన్నాను. ఆపడానికి ఏమీ లేదు.

బావ అక్క గోళ్ళతో మట్టి గీరుతున్నాడు. "పోలీ, నానే. దానయ్యని. ఇంటికొచ్చీసేను. నీ ఒళ్ళు నా కాడే ఉన్నాది, బాగానే ఉన్నాది, తడిసినాదంతే. వొచ్చి తీసుకో. నాకేటొద్దు. నాను పోతాను. వొచ్చి తీసుకోయే." గాజులు రాయికి తగిలి ఒక్కొక్కటే చిట్లుతున్నాయి. చిట్లినప్పుడల్లా ఆగి, ముక్కలు ఏరి కొంగులో కట్టుకుంటున్నాడు.

నేనూ పక్కనే కూర్చుని చేతులతో తవ్వుతాను. ఇక్కడ తవ్వితే లోతు వస్తుంది, లోతు వస్తే ఆవిడ కదులుతుంది. తవ్విన మట్టి తవ్వినట్టే తిరిగి జారుతోంది. వేళ్ళ చివర చర్మం లేచిపోతుంది. లారీలవాళ్ళలో ఒకాయన పార ఇస్తానంటాడు. "దేనికమ్మా తవ్వుతున్నారు?" అని అడుగుతాడు.

"మా అక్కండి," అంటాను.

ఆయన కొండ కేసి తల ఎత్తి చూసి, తలపాగా తీసి, మా పక్కన తవ్వడం మొదలుపెడతాడు.

ఎండ కొండ మీద పడమటి పక్కకి జరుగుతోంది. బావ ఒక్కసారి తవ్వడం ఆపేస్తాడు. చెయ్యెత్తి మమ్మల్ని ఆగమంటాడు. లారీ ఆయన పార గాలిలోనే ఆపుతాడు.

కొండ పాదం దగ్గర నేలకీ మట్టికీ మధ్య సన్నటి సందు కనిపిస్తోంది. అందులోంచి తడి గాలి వస్తోంది. సందు పెరుగుతోంది. పైన ఎక్కడో, తుప్పల్లో, రెండు పెద్ద బండలు కొండ అంచుని కూడదీసుకుని మడతలు పెట్టి పైకి ఎత్తి పట్టుకుంటున్నాయి, వాగు దాటబోయే ఆడమనిషి కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకున్నట్టు. రాళ్ళు, చెట్లు, ఎర్రమట్టి చీలమండల పైకి లేస్తాయి. కింద రెండు పాదాలు కనిపిస్తాయి. ఒక్కొక్కటీ మా వీధంత ఉంది. అరికాళ్ళు నాని తెల్లబడి ముడతలు పడి ఉన్నాయి.

"మెల్లగా," అంటాడు బావ, చేతులు పైకి చాపి. "కింద సూసుకుని మెల్లగా దిగు."

కుడి పాదం నేల విడిచి లేస్తుంది. మా ముగ్గురి మీదా, హైవే మీదా, ఆగి ఉన్న లారీల మీదా, వెనక చెరుకు తోటల మీదా నీడ పడుతుంది. మడమ నుంచి నీటి చుక్క ఒకటి జారి, పైనుంచి చాలాసేపు పడుతూనే ఉంటుంది.

పాదం ఎక్కడ మోపాలో వెతుక్కుంటోంది.